ఆట డిస్కు మీద ఎర్ర గుర్తు

2017 దసరా సెలవులు. నల్గొండ గడియారం సెంటరుకు కూతవేటు దూరంలో, ఒక బట్టల దుకాణానికీ ఒక సెల్‌ఫోన్ రిపేరు కొట్టుకూ మధ్య ఇరుక్కున్న చిన్న గదిలో నా వీడియో గేముల దుకాణం. అంతకు ముందు పద్నాలుగేళ్లు ఒక దినపత్రిక విలేకరిగా ఈ జిల్లా రోడ్లన్నీ తిరిగాను. జిల్లా పేజీలు తగ్గుతూ వస్తున్న రోజుల్లో, మా బావమరిది హైదరాబాద్ వెళ్తూ వదిలేసిన ఈ కొట్టును "నాలుగు నెలలు చూద్దాం" అని పట్టుకున్నాను. ఆ నాలుగు నెలలు ఇంకా పూర్తి కాలేదు.

మాకు గిరాకీ రెండు పండుగలకు బాగా ఉంటుంది. ఒకటి రంజాన్, రెండోది దసరా. రంజాన్‌కు మేనమామలూ బాబాయిలూ పిల్లలను వెంటబెట్టుకొని వస్తారు, ఈదీ కింద, అంటే పండుగ కానుకగా, ఏదో ఒకటి కొనిస్తారు. దసరాకు అట్లా కాదు. హాస్టళ్ల నుంచి పిల్లలు ఇంటికొచ్చే వేళకు ఇంట్లో ఆట సిద్ధంగా ఉండాలని పెద్దవాళ్లు ముందే ఒంటరిగా వస్తారు. ఈ వ్యాపారంలో ఉన్న చిక్కంతా అక్కడే. కొనే మనిషి వేరు, ఆడే మనిషి వేరు. ఒకాయన చీటీ మీద సగం పేరు రాసుకొస్తాడు. ఒకామె "మా ఆడబిడ్డ కొడుకు ఆడుతడు చూడు, గది" అంటుంది. వాళ్ల ఆడబిడ్డ కొడుకు ఏం ఆడతాడో నాకెలా తెలుస్తుంది?

అందుకని పాత ఉద్యోగం నేర్పిన ఆరు ప్రశ్నలనే కౌంటరు మీదకు తెచ్చుకున్నాను. వార్త రాసేటప్పుడు ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అని అడుగుతాం కదా. ఇక్కడా అవే. ఆడేది ఎవరు, ఎన్నో తరగతి? ఇంట్లో ఉన్నది ఏ టీవీ? సెలవులు ఎన్ని రోజులు? ఇట్లా. ఈ ఆరూ అడిగితే తప్పు ఆట చేతికి పోదని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఒక గొర్ల కాపరి సరిచేశాడు.

బతుకమ్మ ఆటలు మొదలైన మర్నాడు పొద్దున, భుజం మీద గొంగడి వేసుకున్న ఒక మనిషి దుకాణం ముందు నిలబడ్డాడు. నలభై దాటిన వయసు, ఎండకు మాడిన ముఖం. లోపల ఇద్దరు కాలేజీ పిల్లలు ఆట పరీక్షించి చూస్తుంటే, గడప అవతలి నుంచే మెడ చాచి చూస్తున్నాడు. అరగంటైనా కదలలేదు. చూసే మనిషిని కదిలించకుండా ఉండటం విలేకరికి అలవాటే. పిల్లలు వెళ్లిపోయాక పిలిచాను.

"లోపటికి రా అన్నా. బయటనే నిలబడ్డవ్."

"చెప్పులకు పెంట అంటుకున్నది సారూ."

"ఏం గాదు, రా."

చెప్పులు బయట విడిచి, గొంగడి సర్దుకొని లోపలికొచ్చాడు. పేరు మల్లయ్య. ఈ జిల్లాలోనే ఉన్న నాంపల్లి దిక్కు ఒక పల్లె.

"ఆట గావాలె సారూ. టీవీల ఆడేది. బిడ్డకు."

"ఏ ఆట?"

"అందరు ఆడుతున్నది ఏదో గదే ఇయ్యి."

నా ప్రశ్నలు మొదలుపెట్టాను. బిడ్డ పేరు శిరీష. గురుకులంలో ఏడో తరగతి. రేపు సాయంత్రం బస్సుకు ఇంటికొస్తుంది. 'ఎందుకు' అనే ప్రశ్నకు మా దుకాణంలో అందరూ "పండుగకు" అని ఒక్క ముక్కలో జవాబిస్తారు. మల్లయ్య మాత్రం స్టూలు మీద కూర్చుని చెప్పాడు.

"చలికాలం ఎల్లంగనే మందను తోలుకొని కృష్ణ దిక్కు పోత సారూ. మల్ల వానలు పడ్డంకనే ఇంటికొచ్చుడు. బిడ్డకు ఎండకాలం సెలవులిచ్చినప్పుడు నేనుండ. నేనున్నప్పుడు బిడ్డ ఆస్టల్ల ఉంటది. ఇద్దరం ఒక్క ఇంట్ల ఉండేది గీ దసరకే. పోయినేడు గా దినాలు గూడ ఎదురింట్లనే ఉన్నది. ఆడ టీవీ ఆట ఉన్నదట. పొద్దుగాల చాయ తాగి పోతే మల్ల అన్నానికి వచ్చేది. ఈపారి మందను మా తమ్మునికి అప్పజెప్పిన. బిడ్డ ఇంట్ల ఉండాలె. నాకు గంతే గావాలె."

అది విన్నాక ఆట ఇవ్వకుండా పంపే ప్రశ్నే లేదు. టీవీ వెనుక ఏ తొర్రలు ఉన్నాయో కనుక్కొమ్మన్నాను. ఆయన ఇంటికి ఫోన్ చేసి, నాకూ వినబడాలని స్పీకరు పెట్టాడు.

"యాదమ్మా, జర టీవీ ఎనక జూడు. ఏమున్నది?"

"ఏముంటది? బూజున్నది."

"బూజు గాదే. తొర్రలున్నయా? ఏ రంగుయి?"

"పసుపుది, తెల్లది, ఎర్రది. ఎందుకు? టీవీ అమ్ముతున్నవా ఏంది?"

ఆ మూడు రంగుల తొర్రలను మేం 'ఏవీ' పోర్టులు అంటాం. పసుపులో బొమ్మ వెళ్తుంది, తెలుపు ఎరుపుల్లో శబ్దం. వాటికి అతికే కన్సోల్, అంటే ఆట నడిపే డబ్బా, నా దగ్గర సెకండ్ హ్యాండ్‌ది ఒకటి ఉంది. తీసి ముందు పెట్టాను. మల్లయ్య దాన్ని రెండు చేతులా ఎత్తి బరువు చూశాడు. కిందా మీదా తడిమాడు. వెనక పిన్నుల దగ్గరికి కళ్లు తీసుకుపోయి అడిగాడు.

"ఎన్ని పండ్లది సారూ?"

గొర్రె వయసు పండ్లు లెక్కబెట్టి చెప్తారని ఈ జిల్లాలో తిరిగిన నాకు తెలియనిది కాదు.

"నాలుగు పండ్లది. ఇంకా మస్తు దినాలు మేస్తది."

మొదటిసారి నవ్వాడు. ఇక ఆట సంగతి. ఆ సీజన్‌లో నా దగ్గర అన్నిటికంటే ఎక్కువ పోతున్నది నిధి వెతుకుతూ కొండలెక్కే కుర్రాడి ఆట. రక్తపాతం లేదు, ఏడో తరగతి పిల్ల ఆడొచ్చు. పెట్టి చూపించాను. కుర్రాడు ఒక అంచు మీద నుంచి జారి లోయలో పడ్డాడు.

"అయ్యో. ఇప్పుడెట్ల?"

"ఏం గాదు. మల్ల మొదటికొస్తడు."

"మంచిదే. మా గొర్రె పడితే అట్ల మల్ల రాదు" అన్నాడు మల్లయ్య.

కన్సోల్, ఆ డిస్క్, ఒక కంట్రోలర్ సంచిలో పెట్టిచ్చాను. కంట్రోలర్ అంటే చేత పట్టుకొని మీటలు నొక్కే పిడి. అన్ని ప్రశ్నలూ అడిగాను, అందరూ మెచ్చిన ఆట ఇచ్చాను అనే తృప్తితో ఆ రోజు కొట్టు కట్టేశాను.

ఐదు రోజులు గడిచాయి. ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మ ఇంకా రెండు రోజులుందనగా, బజారంతా తంగేడు పూల మోపులతో పచ్చబడిన పొద్దున, మల్లయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి వెంట రెండు జడల అమ్మాయి ఉంది. ఆమె లోపలికి రాకుండా గడపలోనే, రోడ్డు వైపు తిరిగి నిలబడింది. మల్లయ్య గొర్రెపిల్లను మోసుకొచ్చినట్టు కన్సోల్‌ను గొంగడిలో చుట్టి చంకన పెట్టుకొచ్చాడు. మెల్లగా కౌంటరు మీద దించాడు.

"సారూ, దీనికి పానం బాగలేదు."

"ఏమైంది?"

"మేత ముడుతలేదు. పళ్లెం ఏస్తే కక్కుతాంది."

"డిస్క్ అనాలె బాపూ. ఎన్నిసార్లు చెప్పాలె" అంది శిరీష, రోడ్డు వైపే చూస్తూ.

పాడైంది డబ్బానా, డిస్కా అన్నది ముందు తేల్చాలి. నా దగ్గరున్న వేరే డిస్క్ పెట్టాను. చక్కగా నడిచింది. అంటే కన్సోల్‌కు ఏం కాలేదు. మల్లయ్య తెచ్చిన డిస్క్‌ను పెట్టెలోంచి తీసి వెనక్కి తిప్పాను. అద్దంలా మెరవాల్సిన వైపు, నడుమ నుంచి అంచు దాకా, బొటనవేలంత వెడల్పున ఎర్రటి చార.

ఆడపిల్ల ఉన్న ఇల్లు కదా అని నా బుర్రకు తోచిందే అడిగాను. "గోళ్లరంగు ఒలికిందా అమ్మా?"

శిరీష గిరుక్కున తిరిగింది. "నేను గాదు సార్! ఆయన!"

మల్లయ్య డిస్క్ వంక చూశాడు. నా వంక చూశాడు. "గది మా గుర్తు సారూ" అన్నాడు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

"గుర్తేంది?"

"కొన్న జీవాన్ని మందల కలిపే ముందల గుర్తు ఏస్తం గదా. సర్కారోళ్లు చెవుకు బిళ్ల కొట్టి ఇచ్చినయాటికి గూడ ఏస్తం. బిళ్ల ఊడుతది. గుర్తు ఊడదు."

"మరి దీన్ని ఏ మందల కలుపుతున్నవ్?"

"ఎదురింటి స్రవంతోళ్లింటికి తీస్కపోత అన్నది. ఆడ గిసొంటియే పది ఉన్నయట. అన్ని గుండ్రంగనే ఉంటయి. కలిసిపోతే ఎవలది ఎవలిదో ఎట్ల తెలుస్తది?"

"పైన ఏసుడుండె అన్నా, బొమ్మ ఉన్న దిక్కు!"

"మంచి బొమ్మ సారూ. పిలగాడు కొండ మీద నిలబడ్డడు. ముఖం మీద రంగు పూస్తరా ఎవలన్న? గందుకే ఖాళీ ఉన్న దిక్కు జూసి ఏసిన. గొర్రెకు గూడ ముఖానికి ఎయ్యం."

ఆయన చెప్పిన దాంట్లో నాకు ఎక్కడా తప్పు దొరకలేదు. పక్క కొట్టు సలీం భాయ్ ఫోన్ రిపేరు చేస్తూ మధ్యగోడ కిటికీలోంచి ఇదంతా వింటున్నాడు. తల ఇవతల పెట్టాడు.

"సహీ చేసినవ్ మల్లన్నా. పోయేటప్పుడు మా స్క్రూడ్రైవర్లకు గూడ ఏసిపో. దినాం ఒకటి గాయబ్ అయితాంది."

నేను నవ్వాను. మల్లయ్య కూడా నవ్వబోయి, బిడ్డ ముఖం చూసి ఆగిపోయాడు. శిరీష కళ్లలో నీళ్లు నిలిచాయి.

"స్రవంతోళ్లింట్ల అందరి ముంగట డిస్క్ పెట్టెలకెంచి తీసిన సార్. నడువలే. ఆమె ఎర్ర గుర్తు జూసి ఏమన్నదో తెలుసా? మీ బాపు డిస్క్‌ను గూడ మేపుతడానే అన్నది. అందరు నవ్విన్రు. నా ఇజ్జత్ పోయింది."

మల్లయ్య కౌంటరు మీదకు వంగి, నాకు మాత్రమే వినబడేట్టు అన్నాడు. "నిన్నటి సంది మాట్లాడుతలేదు సారూ. ఇంక ఆరు దినాలే ఉన్నయి. నువ్వే ఏదన్న జెయ్యాలె."

డిస్క్ గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. బొమ్మ ఉన్న వైపు చొక్కా లాంటిది. ఆట అంతా ఉండేది మెరిసే వైపున. కింద నుంచి సన్నటి వెలుగు తాకుతూ దాన్ని చదువుతుంది. ఆ వెలుగుకు ఏదైనా అడ్డం వస్తే, లోపల డిస్క్ లేదనే అనుకుంటుంది కన్సోల్. మల్లయ్య అన్నట్టు కక్కేస్తుంది.

నేనిది చెప్తుండగానే ఆయన గొంగడి కొస పట్టుకొని తుడవబోయాడు. చెయ్యి పట్టుకొని ఆపాను. గొంగడి ఉన్నికి డిస్క్ మీద గీతలు పడతాయి. సలీం భాయ్ థిన్నర్ సీసా అందించాడు. అదీ వద్దన్నాను. థిన్నర్‌కు రంగు పోతుంది గానీ, ప్లాస్టిక్ మసకబారుతుంది.

"రంగుల ఏం గలిపినవ్ అన్నా?"

"జాజు, ఆముదం. వానకు పోవద్దని."

జాజు అంటే ఎర్రమట్టి. అందులో కంటికి కనబడని ఇసుక ఉంటుంది. నీళ్లు పోసి రుద్దితే ఆ ఇసుకే డిస్క్‌ను గీరేస్తుంది. రుద్దకుండా ఆముదాన్ని ఎట్లా వదిలించాలా అని నేను ఆలోచిస్తుంటే, గడప దగ్గర నుంచి చిన్న గొంతు వినిపించింది.

"సబ్బు నీళ్లల్ల నానబెడ్తె పోతది సార్. మా ఆస్టల్ల నూనె తలలకు గట్లనే జేస్తం. రుద్దితె జుట్టు ఊడుతది, నానబెడ్తె ఊడది."

సలీం భాయ్ ఇంటి నుంచి బకెట్టు, కుంకుడు వాసన వేసే తల సబ్బు వచ్చాయి. డిస్క్‌ను నానబెట్టాం. కాసేపటికి నీళ్లు ఎర్రబడటం మొదలైంది. దూది తెచ్చి శిరీష చేతికిచ్చాను. చిన్న వేళ్లు, బరువు లేకుండా తుడుస్తాయి. గుండ్రంగా తుడవొద్దని, నడుమ నుంచి అంచుకు తిన్నగా లాగాలని చూపించాను. ఆట డిస్క్ మీద గుండ్రటి వరుసల్లో రాసి ఉంటుంది. గీత ఆ వరుస వెంటే పడితే పొడవునా చెరిగిపోతుంది. అడ్డంగా పడితే వెలుగు ఎట్లాగో దాటేసుకుంటుంది.

పట్టుకోవడానికి ఇంకొకరు కావాలి. మల్లయ్య చేతులు కడుక్కొని, రెండు అరచేతుల మధ్య డిస్క్ అంచులను పట్టుకున్నాడు. తండ్రీ కూతుళ్లు బకెట్టుకు అటొకరూ ఇటొకరూ గొంతుక్కూర్చున్నారు.

"గట్టిగ పట్టకు బాపూ. వంగుతది."

"గొర్రెపిల్ల దవడ పట్టినట్టు పట్టిన. నొప్పి లేకుంట."

"డిస్క్‌కు నొప్పేంది?"

"ఏమో. పానం బాగలేదు గదా."

శిరీష తల ఎత్తలేదు గానీ, నవ్వు ఆపుకుంటోంది. నిన్నటి నుంచి మాట్లాడని పిల్ల ఆ ముప్పావు గంటలో ఎన్ని మాటలు అందో. జరుపు, తిప్పు, ఇటు కాదు అటు, నీ గోరు తగులుతాంది. అన్నీ గదమాయింపులే. మల్లయ్య మాత్రం ఒక్కో మాటకూ ముఖం విప్పారుస్తూ, చెప్పినట్టల్లా తిప్పుతూ పోయాడు.

ఆరబెట్టి కన్సోల్‌లో వేశాం. తీసుకుంది. కొండ కనబడింది, కుర్రాడు పరుగెత్తాడు. ముగ్గురం ఊపిరి పీల్చుకున్నాం. వంతెన మధ్యకు వచ్చేసరికి ఆగిపోయాడు. మళ్లీ పెట్టాం, మళ్లీ అక్కడే ఆగాడు. జాజులోని ఇసుక ఆ ఒక్క చోట తన పని చేసేసింది.

సెలవుల్లోపు డిస్క్ మార్చి ఇవ్వడం నా అలవాటే. అదే ఆట ఇంకో డిస్క్ తీయడానికి లేచాను. చెయ్యి అర మీదకు పోయాక ఎందుకో ఆగాను. ఈ ఆట గురించి తండ్రిని అడిగాను, తల్లిని ఫోన్‌లో అడిగాను. ఆడే పిల్ల ఇప్పుడు ఎదురుగా ఉంది.

"నీకు ఏ ఆట గావాలమ్మా?"

శిరీష తండ్రి వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగింది. "ఇద్దరు ఆడేది ఉంటే ఇయ్యండి సార్."

"స్రవంతితో ఆడనీకా?"

"స్రవంతితో గాదు సార్. బాపు నా ఎనక కూసుంటడు. పొద్దంత కూసుంటడు. ఒక్క మాట మాట్లాడడు. నేను ఆడుతాంటే ఆయన ఊపిరి నా మెడకు తగులుతాంది. నేనేమో ఆడుకుంట ఉంట, ఆయనేమో ఉత్తగ చూస్కుంట ఉంటడు. మంచిగనిపిస్తలేదు. గందుకే స్రవంతోళ్లింటికి పోత అన్న. ఆయన చేతుల గూడ ఏదన్న ఒకటి పెట్టండి సార్."

మల్లయ్య బిత్తరపోయాడు. "నేనేమన్ననే? సప్పుడు గూడ జేయలే గదా!"

"గదే బాపూ! సప్పుడు జేయవు. పులి లెక్క ఎనక కూసుంటవ్."

"నువ్వు ఆడుతాంటే అడ్డం రావద్దని..." అన్నాడాయన.

అప్పుడు నాకు నా తప్పు కనబడింది. సింగిల్ ప్లేయర్ ఆట, అంటే ఒక్కరే ఆడేది. ఒక్కటే కంట్రోలర్. బిడ్డతో గడపడానికి ఏడాదంతా ఎదురుచూసిన మనిషికి, బిడ్డ వీపు చూస్తూ కూర్చునే ఏర్పాటు చేసి పంపాను నేను. ఆయన డిస్క్‌కు తప్పు వైపు గుర్తు వేయకపోతే, ఈ సంగతి నా చెవిన పడేదే కాదు.

కార్ల పందెం ఆట తీశాను. అదీ బాగా పోయేదే. దాంట్లో స్ప్లిట్ స్క్రీన్ ఉంటుంది. తెర అడ్డంగా రెండుగా చీలి, పై సగంలో ఒకరు, కింది సగంలో ఒకరు ఆడొచ్చు. రెండో కంట్రోలర్ మల్లయ్య చేతిలో పెట్టాను. ఇద్దరినీ స్టూళ్ల మీద పక్కపక్కన కూర్చోబెట్టాను.

"ఏది నాది?"

"కిందిది బాపూ. తెల్లది. ఇది ఒత్తితె పోతది, ఇది ఒత్తితె ఆగుతది."

ఎనిమిది కార్లు ఒక్కసారి దూకాయి. శిరీష ఎర్ర కారు మొదటి మలుపులోనే ముందుకు పోయింది. తెల్ల కారు కదిలింది గానీ, తాపీగా, మిగిలినవన్నీ దాటిపోయేదాకా ఆగి, వాటి వెనకాల నడిచింది.

"తొక్కు బాపూ! తొక్కు!"

"తొక్కుత గని, అన్నిటిని పోనియి."

"అన్ని పోతే నువ్వు లాస్ట్ వస్తవ్!"

"మరి నేను ముందల పోతే ఎనక ఎవలు చూస్తరే? ముందల మీ చిన్నాయిన ఉంటడు, ఎనక నేనుంట. ఎవలన్న తప్పిపోతే?" అంటూ తెర మీదకు వేలు చూపి లెక్కబెట్టాడు. "ఐదు, ఆరు... నీది గలిపితే ఏడు. అన్ని ఉన్నయి."

సలీం భాయ్ కిటికీ వదిలి దుకాణంలోకే వచ్చేశాడు. రెండో చుట్టులో ఒక నీలం కారు మలుపు తిరగలేక పల్టీ కొట్టింది. వెనకాలే వస్తున్న మల్లయ్య దాని పక్కన కారు ఆపాడు.

"సారూ, గిది పడ్డది. లేపాలంటే ఏది ఒత్తాలె?"

శిరీష చేతిలోంచి కంట్రోలర్ జారి ఒడిలో పడింది. కడుపు పట్టుకొని నవ్వుతోంది. ఊపిరాడక స్టూలు మీద నుంచి కింద కూలబడింది. సలీం భాయ్ రుమాలుతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక మల్లయ్య అందరినీ మార్చి మార్చి చూశాడు. బిడ్డ నవ్వు చూసి తనూ నవ్వడం మొదలుపెట్టాడు. నీలం కారు తనంతట తనే లేచి పోయింది. తెల్ల కారు మాత్రం అక్కడే ఉంది.

శిరీష కళ్లు తుడుచుకొని కంట్రోలర్ అందుకుంది. అప్పటికే చాలా ముందుండటంతో ఇంకా మొదటి స్థానం ఆమెదే. గెలుపు గీత దగ్గర్లో ఉంది. అక్కడ కారును గిర్రున వెనక్కి తిప్పింది. దారి తప్పావని తెర మీద ఎర్ర అక్షరాలు మెరుస్తున్నా లెక్కచేయకుండా, ఎదురొచ్చే కార్లను తప్పించుకుంటూ తెల్ల కారు దగ్గరికి వచ్చి ఆగింది.

"నడువు బాపూ. నేనొచ్చిన."

రెండు కార్లూ పక్కపక్కన కదిలాయి. పందెం ఎవరు గెలిచారో మాలో ఎవరూ చూడలేదు.

వెళ్లేటప్పుడు మల్లయ్య కొత్త డిస్క్‌ను రెండు వైపులా తిప్పి చూసి, బెరుకుగా అడిగాడు. "సారూ, గుర్తు ఏ దిక్కు ఏసుకోవచ్చు?"

డిస్క్‌కు వద్దని, వేస్తే కంట్రోలర్ వెనక వేసుకోమని చూపించాను.

"నేనే ఏస్త" అంది శిరీష. "బాపుదానికి ఒకటి, నాదానికి ఒకటి."

దసరా మర్నాడు మల్లయ్య జమ్మి ఆకు తెచ్చి చేతిలో పెట్టి, కౌగిలించుకొని అలయ్ బలయ్ తీసుకున్నాడు. శిరీష ఎదురింటికి పోవడం లేదా అని అడిగాను.

"యాడ పోతది సారూ? ఎదురింటోళ్లే మా ఇంటికొస్తున్రు. నేను ఆడుతాంటే చూడనీకట. యాదమ్మకు చాయలు పెట్టుడుతోనే సరిపోతాంది."

"గెలిచినవా మరి?"

"ఎనిమిదో నంబర్ వచ్చిన" అన్నాడు, ఛాతీ విరిచి.

ఆ దసరా నుంచి నా ఆరు ప్రశ్నలకు ఏడోది చేరింది. ఆట ఇచ్చే ముందు అడుగుతాను: "ఆడేటప్పుడు పక్కన ఎవరు కూసుంటరు?" చాలామందికి ఈ ప్రశ్న అర్థం కాదు. పక్కన కూర్చునేవాళ్లతో ఆటకేం పని అంటారు. కాసేపాగి, అక్క ఉంటది అనో, తాత ఉంటడు గని కండ్లు కనబడవు అనో చెప్తారు. అప్పుడు నా చెయ్యి వేరే అర మీదకు పోతుంది. పండుగకు ఇచ్చే ఆటలో జనం మెచ్చిందా లేదా అన్నది రెండో సంగతి. ఆ ఇంట్లో ఎంతమంది చేతులు ఖాళీగా ఉన్నాయో ముందు తెలుసుకోవాలి. పద్నాలుగేళ్లు ప్రశ్నలు అడిగి బతికినవాడికి ఈ ఒక్క ప్రశ్న తట్టడానికి ఎర్ర జాజు కావలసి వచ్చింది.

ఇప్పుడు డిస్కుల కాలం దాదాపు అయిపోయింది. ఆటలన్నీ ఫోన్‌లోకి దిగాయి. నా దుకాణంలో సగం అరల్లో ఛార్జర్లు, ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. మొన్న ఒక డిగ్రీ అమ్మాయి ఫోన్ కవరు కోసం వచ్చి, "గుర్తుపట్టిన్రా సార్?" అంది. రెండు జడలు ఒకటయ్యాయి గానీ నవ్వు అదే. శిరీష ఇప్పుడు నల్గొండలోనే చదువుతోంది. మల్లయ్య ఎట్లా ఉన్నాడని అడిగాను.

"కృష్ణ దిక్కే ఉన్నడు సార్, మందతోని. ఫోన్ల కార్ల ఆట ఎక్కిచ్చిన. పగటిపూట మంద పండుకున్న యాళ్లకు ఆయన ఆడికెంచి, నేను కాలేజీకెంచి ఆడుతం."

"ఇంకా ఎనిమిదో నంబరేనా?"

"ఇప్పుడు ఇద్దరం ఆఖర్నే సార్" అంది. "ముందు పోతే ఆట జల్ది అయిపోతది. ఎనకుంటే మాట్లాడుకోవచ్చు."